సడకు మీద సాయపు బండి ఎక్కడ నిలవాలి?



యీవేళ మనం మాట్లాడుకోబోయేది రోడ్డు ప్రమాదం జరిగిన చోటికి సాయానికి వచ్చే బండ్ల గురించి. అంబులెన్సు, ఫైరింజను, పోలీసు బండి, క్రేను, ఒక్కొక్కప్పుడు మన ట్రాక్టరు, యివన్నీ ఎక్కడ నిలవాలి, ఎట్లా నిలవాలి, ఏ బండి ఏ బండికి కాపు కాయాలి అన్నదే విషయం.

వ్యవసాయదారులకు చెప్పే మాటలలో యీ ముచ్చట ఏమిటని మీలో కొందరు అనుకోవచ్చు. వేల్పూర్ చుట్టుపట్ల మన భూములు ఎట్లా వున్నాయో ఒకసారి తలచుకోండి. ఆర్మూరు దగ్గర రెండు జాతీయ రహదారులు ఒకదాన్నొకటి దాటుతాయి. ఒకటి హైదరాబాదు నుంచి నిర్మల్ మీదుగా నాగపూరు వైపు పోయే 44వ నంబరు. రెండవది నిజామాబాదు నుంచి మెట్‌పల్లి, జగిత్యాల వైపు పోయే 63వ నంబరు. ఆ సడకుల రెండు పక్కలా మన పసుపు చేలు, మక్క చేలు, ఎర్రజొన్న చేలు, వరి మళ్ళు వున్నాయి. రాత్రిపూట నీళ్ళు కట్టడానికి పోయేవారు, తెల్లవారుజామున కూలీలను ట్రాలీలో ఎక్కించుకొని పోయేవారు, పసుపు బస్తాలు నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలేవారు, వీరందరికీ సడకుతోనే పని. ప్రమాదం జరిగి చప్పుడు వినవస్తే, అంబులెన్సు కన్న ముందు, పోలీసుల కన్న ముందు అక్కడికి పరుగెత్తి చేరేది పక్క చేనులోని రైతే. మొదట చేరిన మనిషి తన బండిని ఎక్కడ నిలిపితే, తరువాత వచ్చినవి దాన్ని చూచి నిలుస్తాయి. మొదటి బండి తప్పుగా నిలిస్తే ఆ తప్పు ఒకదాని వెనుక ఒకటిగా పెరుగుతూ పోతుంది.

తప్పుగా నిలిస్తే ఏమవుతుంది? రెండో దెబ్బ తగులుతుంది. మొదటి ప్రమాదంలో గాయపడినవారికి తోడు, వారిని లేవదీయ వచ్చినవారు కూడా పోతారు. యిది వూహించి చెప్పే మాట కాదు. 2022 అక్టోబరు 5వ తేదీ యింకా తెల్లవారకముందు ముంబయిలో, బాంద్రా–వర్లీ సముద్రపు వంతెన మీద ఒక కారు ప్రమాదానికి గురి అయింది. సాయం చేయడానికి అంబులెన్సు వచ్చింది, మరికొన్ని బండ్లు వచ్చి ఆగినాయి. అంతలో వెనుకనుంచి వేగంగా వచ్చిన మరొక కారు నిలిచివున్న ఆ బండ్లలోకి, మనుషులలోకి దూసుకుపోయింది. 5గురు ప్రాణాలు విడిచారు. సాయానికి వచ్చినవారు కూడా అందులో వున్నారు. ఆ మరుసటి యేడు, 2023 జూలై 20వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత, అహ్మదాబాదులో ఇస్కాన్ వంతెన మీద ఒక జీపు లారీని గుద్దుకున్నది. ఏం జరిగిందో చూద్దామని జనం గుమిగూడారు, పోలీసులు వచ్చారు. ఆ గుంపు మీదికి యింకొక కారు వచ్చిపడింది. 9 మంది చనిపోయారు. వారిలో ఒక పోలీసు కానిస్టేబులు, ఒక హోంగార్డు కూడా వున్నారు. అంత దీపాలు వెలిగే మహానగరాలలోనే యిట్లా జరిగితే, దీపం లేని మన పల్లెటూరి సడకు మీద ఎంత జాగ్రత్త కావాలో మీరే ఆలోచించండి.

యిక అసలు సూత్రానికి వద్దాం. యిది మీకు కొత్తది కాదు. కాలువకు గండి పడితే మీరు ఏం చేస్తారు? నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసేవారిని అడగండి. గండి దగ్గర నిలబడి మట్టి పోస్తే, పోసిన మట్టి పోసినట్టే కొట్టుకుపోతుంది. ముందుగా ఎగువకు పోయి నీటిని మళ్ళిస్తారు, లేదా తూము దించుతారు. వురవడి తగ్గిన తరువాత గండి దగ్గర పని చేస్తారు. సడకు మీద బండ్ల రాకపోకలు కూడా నీటి ప్రవాహం వంటివే. బండ్లు ఏ వైపునుంచి వస్తున్నాయో అది ఎగువ. ఏ వైపుకు పోతున్నాయో అది దిగువ. ప్రమాదం జరిగిన చోటు మన గండి. ముందు ఎగువన కాపు, తరువాత గండి దగ్గర పని. యీ ఒక్క మాట గుర్తుంటే మిగిలినదంతా దానంతట అదే అర్థమవుతుంది.

ఎగువన కాపు ఎంత దూరాన వుండాలి? కొంచెం లెక్క వేద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. నడిపే మనిషి అడ్డం వున్నదని చూచి, అది కదలడం లేదని గ్రహించి, బ్రేకు మీద కాలు పెట్టేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ లోపలే 33 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు వేసిన తరువాత పొడి సడకు మీద మంచి కారు ఆగడానికి మరో 45 మీటర్లు కావాలి. అంటే మొత్తం 80 మీటర్ల దాకా అన్నమాట. రాత్రిపూట కిందికి దించిన లైటు వెలుతురు అంత దూరం పారదు. వాన పడి సడకు తడిసివుంటే, లారీ నిండా బరువు వుంటే, యీ దూరం యింకా పెరుగుతుంది. కాబట్టి ప్రమాదం దగ్గర నిలబడి చెయ్యి వూపడం వల్ల ఫలితం లేదు. హెచ్చరించే మనిషి కనీసం 200 అంగలు ఎగువకు పోవాలి. 44వ నంబరు వంటి పెద్ద రహదారి మీద అయితే 300 అంగలు పోవాలి. మలుపు వున్నా, ఎత్తు గడ్డ వున్నా, ఆ మలుపుకు అవతల, ఆ ఎత్తుకు అవతల నిలబడాలి. వచ్చేవానికి మలుపు తిరిగిన తరువాత కనబడే హెచ్చరిక, పంట ఎండిన తరువాత కురిసే వాన వంటిది.

ఆ మనిషి సడకు నడుమ నిలబడకూడదు. పక్కకు, మట్టి బాట మీద నిలబడాలి. వచ్చే బండ్లకు ఎదురుగా చూస్తూ వుండాలి గాని, వెనుకకు తిరిగి ప్రమాదాన్ని చూస్తూ వుండకూడదు. పగలయితే ఎర్రగుడ్డ, ఎర్ర తువ్వాలు పనికివస్తుంది. రాత్రయితే బ్యాటరీ లైటును కిందికి మీదికి వూపాలి. దాన్ని నడిపేవాని కండ్లలోకి కొట్టకూడదు. లైటు సరాసరి కంట పడితే అతనికి మనమూ కనబడము, ముందున్న బండీ కనబడదు. తెల్లని చొక్కా, తెల్లని ధోవతి కట్టుకున్నవారిని యీ పనికి పంపడం మంచిది. నల్ల కంబళి కప్పుకొని పోతే చీకటిలో చీకటి కలిసినట్టే.

యిదంతా మొదటి రెండు నిమిషాలలో జరగాలి. అదే సమయాన రెండవ మనిషి ఫోను పట్టుకోవాలి. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైంది. దానికి పైసా కట్టవలసిన పని లేదు. ఫోను చేసినవారు ఊరి పేరుతో సరిపెట్టకూడదు. ఏ ఊరికీ ఏ ఊరికీ నడుమ, కిలోమీటరు రాయి మీద ఏ అంకె వున్నది, పక్కన గుడి వున్నదా, పెట్రోలు బంకు వున్నదా, యిట్లా ఆనవాలు చెప్పాలి. నడుమ గోడ వున్న పెద్ద రహదారి అయితే మరొక సంగతి తప్పక చెప్పాలి. ప్రమాదం జరిగింది హైదరాబాదు వైపు పోయే బాట మీదనా, నిర్మల్ వైపు పోయే బాట మీదనా? యీ మాట చెప్పకపోతే అంబులెన్సు అవతలి బాట మీదకు వస్తుంది. రోగి కండ్ల ముందు కనబడుతూనే వుంటాడు, బండి మాత్రం తిరిగి రావడానికి ఎక్కడో వున్న సందు దాకా పోవలసి వస్తుంది. జాతీయ రహదారి మీద ఆ రహదారి సంస్థవారి 1033 నంబరుకు కూడా చెబితే వారి గస్తీ బండి, క్రేను బయలుదేరుతాయి.

యిప్పుడు మన ట్రాక్టరు సంగతి. ప్రమాదం చూడగానే చాలామంది ట్రాక్టరును ట్రాలీతో సహా సడకు మీద అడ్డంగా పెట్టి, గోడ కట్టినట్టు చేద్దామనుకుంటారు. ఉద్దేశం మంచిదే. కాని మన ట్రాలీలలో చాలావాటికి వెనుక ఎర్రదీపం వుండదు, వున్నా వెలగదు. చీకటిలో అటువంటి ట్రాలీ అడ్డంగా నిలిస్తే అదే రెండవ ప్రమాదం అవుతుంది. అందుచేత ట్రాక్టరును సడకు దింపి, బండ్ల బాటలోనో, చేను గట్టు పక్కనో నిలపాలి. దాని లైట్లు ఎదురు వచ్చేవారి ముఖాన పడకుండా ఆర్పివేయాలి, లేదా చేను వైపుకు తిప్పి వుంచాలి. మోటారు సైకిళ్ళ మీద వచ్చినవారు కూడా అంతే. సడకు అంచున వరుసగా బండ్లు నిలిపితే అంబులెన్సు నిలవవలసిన చోటు మనమే ఆక్రమించినవాళ్ళమవుతాము.

మనుషులు ఎక్కడ వుండాలి? గాయపడనివారు, చూడవచ్చినవారు అందరూ సడకు దిగి చేను వైపుకు పోవాలి. నిలిచిపోయిన బండికి ముందు గాని, వెనుక గాని, రెండు బండ్ల నడుమ గాని ఎవరూ నిలబడకూడదు. వెనుకనుంచి దెబ్బ తగిలితే ఆ బండి ముందుకు దూకుతుంది. నడుమ వున్న మనిషి రోలు–రోకలి మధ్య గింజ అవుతాడు. గాయపడినవారిని, మంట గాని మరో గండం గాని లేనంతవరకు, కాళ్ళు చేతులు పట్టి యీడ్వవద్దు. మెడకో, వెన్నుకో దెబ్బ తగిలివుంటే ఆ యీడుపుతో అవి పూర్తిగా చెడిపోవచ్చు. నీళ్ళు తాగించవద్దు. రక్తం పారుతున్నచోట శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి పట్టండి.

యిక సాయపు బండ్లు రానే వచ్చినాయి అనుకుందాం. వాటి వరుస ఎట్లా వుండాలి?

మొదటిది కాపు బండి. యిది బరువైనదిగా వుండాలి, దీపాలు వున్నదిగా వుండాలి. ఫైరింజను వుంటే అదే యీ పనికి శ్రేష్ఠం. లేకపోతే పోలీసు బండి, రహదారి గస్తీ బండి. యిది ప్రమాదానికి ఎగువన నిలవాలి. సరిగ్గా ఆనుకొని నిలవకూడదు, నడుమ 30 అంగల ఖాళీ వుంచాలి. ఎందుకంటే దీనికి వెనుకనుంచి లారీ గుద్దుకుంటే యిది కొంత దూరం ముందుకు జరుగుతుంది. ఆ జరిగే జాగాలో మనుషులు వుండకూడదు. నిలిపేటప్పుడు కొంచెం ఏటవాలుగా నిలపాలి. ఏటవాలుగా వున్న బండిని దూరంనుంచి చూచినవానికి, అది పోయే బండి కాదు, నిలిచిన బండి అని వెంటనే తెలుస్తుంది. ముందు చక్రాలను గాయపడినవారు వున్న వైపుకు కాకుండా అవతలికి తిప్పి వుంచాలి. అట్లా వుంచితే, గుద్దుకున్నా ఆ బండి పక్కకు పోతుంది గాని మనుషుల మీదికి రాదు. సిబ్బంది దిగే తలుపు, సామాను తీసే తలుపు రాకపోకల వైపు కాకుండా కాపు వున్న వైపే తెరవాలి. ప్రమాదం ఎంత వెడల్పు ఆక్రమించిందో, దానికి మరికొంత కలుపుకొని కప్పాలి. స్ట్రెచరు పట్టుకొని నలుగురు నడవడానికి చోటు కావాలి గదా!

రెండవది అంబులెన్సు. యిది ప్రమాదం దాటి దిగువన నిలవాలి. దాని వెనుక తలుపు రోగివైపు, ముఖం దవాఖాన వైపు వుండాలి. యిట్లా వుంటే మూడు లాభాలు. ఎగువనుంచి వచ్చే దెబ్బకు అడ్డంగా కాపు బండి వుంటుంది. రోగిని ఎక్కించేవారు రాకపోకలలో నిలబడవలసిన పని వుండదు. ఎక్కించిన తరువాత వెనుకకు ముందుకు తిప్పకుండా నేరుగా పోవచ్చు. అంబులెన్సు ప్రమాదానికి ఎగువన ఆగితే, తెరిచిన తలుపులు దాని వెనుక దీపాలనే కప్పివేస్తాయి. వచ్చేవానికి ఆ దీపం కనబడదు, ఆ తలుపు దగ్గర వున్న మనిషీ కనబడడు.

అంబులెన్సే ముందుగా వస్తే ఎట్లా? మన పల్లెలలో యెక్కువగా జరిగేది యిదే. అప్పుడు దానికి కాపు ఎవరు? మీరు ఎగువన పంపిన ఆ ఒక్క మనిషే. అతడు 200 అంగల దూరంలో వుండి బండ్లను నెమ్మదింపజేస్తూ వుంటే, అంబులెన్సు ధైర్యంగా ప్రమాదం దాటి పోయి నిలవగలదు. మీలో ఒకరు డ్రైవరుకు ఎదురుపోయి, “అన్నా, ఇక్కడ ఆపకు, యింకా ముందటికి పో, వెనుక మా మనిషి ఉన్నడు” అని చెప్పాలి. “సరే తమ్మీ, నువ్వు జనాన్ని జరుపు” అని అతడూ అంటాడు. యీ రెండు మాటలే ఒక్కొక్కప్పుడు ప్రాణాలు నిలుపుతాయి. తరువాత పోలీసు బండి వచ్చి ఎగువన కాపు పట్టినప్పుడు, ఆ మనిషి వారితో మాట్లాడి వారు చెప్పినట్టు చేయాలి. చెప్పకుండా విడిచి రాకూడదు.

మూడవది క్రేను. దీని పని ఆఖరున. రోగులు పోయిన తరువాతనే యిది దగ్గరకు రావాలి. అంతదాకా దూరాన, సడకు దిగి వేచివుండాలి. క్రేనూ, లారీలూ, చూడవచ్చినవారి కార్లూ ముందుగానే వచ్చి యిరుక్కుంటే, లోపల వున్న అంబులెన్సు బయటకు పోవడానికి దారి వుండదు.

యింతవరకు చెప్పినది నడుమ గోడ వుండి, బండ్లు ఒకే దిక్కుకు పోయే రహదారికి సరిపోతుంది. నడుమ గోడ లేని సడకు మీద, అంటే వేల్పూర్ నుంచి పడగల్, మోతె వంటి ఊళ్ళకు పోయే బాటల వంటివాటి మీద, లెక్క కొంచెం మారుతుంది. అక్కడ బండ్లు రెండు వైపులనుంచీ వస్తాయి. అంటే రెండు ఎగువలు వున్నట్టు. కాబట్టి హెచ్చరించే మనుషులు యిద్దరు కావాలి, ఒక్కొక్క వైపుకు ఒక్కొక్కరు. సాయపు బండ్లన్నీ సడకుకు ఒకే పక్కన నిలవాలి. ఒకటి యీ పక్క, ఒకటి ఆ పక్క ఎదురెదురుగా నిలిస్తే నడుమ సందు యిరుకై పోతుంది. ఆ సందులోనుంచి బస్సు దూరబోతుంది, అక్కడే మనుషులు అటూ యిటూ పరుగులు పెడుతుంటారు. ఒక పక్క పూర్తిగా ఖాళీ వుంచి, ఒకసారి యీ వైపు బండ్లను, ఒకసారి ఆ వైపు బండ్లను విడవడం మేలు. అది కుదరనంత యిరుకు బాట అయితే, రెండు వైపులా ఆపివేయడమే మంచిది. పది నిమిషాలు ఆలస్యమైతే మార్కెట్ ఎక్కడికీ పోదు.

యిటువంటి సడకు మీద అంబులెన్సు వచ్చిన దిక్కుకే తిరిగి పోవలసి వుంటుంది. ఆర్మూరు వైపునుంచి వచ్చినది ఆర్మూరుకో, నిజామాబాదుకో పోవాలి. అందుచేత రోగిని ఎక్కించకముందే బండిని తిప్పి నిలుపుకోవాలి. తిప్పడానికి చోటు మీకే తెలుస్తుంది. ఏ బండ్ల బాట గట్టిగా వున్నది, ఏ చేను మొన్ననే తడిపినది, ఏ మోరీ మీద బండలు వూడిపోయినవి, యిది కొత్తగా వచ్చిన డ్రైవరుకు తెలియదు. సడకు పక్క మట్టి పైకి గట్టిగా కనబడి, చక్రం పడగానే దిగబడుతుంది. ముందు నడిచి దారి చూపండి.

దీపాల గురించి ఒక మాట. ఎన్ని దీపాలు వెలిగితే అంత మంచిదని అనుకుంటాము. కాని అన్ని బండ్ల ముందు లైట్లు ఎదురు వచ్చేవాని కండ్లలో పడితే, ఆ వెలుతురు అవతల వున్న మనిషి అతనికి కనబడనే కనబడడు. వచ్చేవారికి ఎదురుగా వున్న ముందు లైట్లు ఆర్పివేయాలి. మిణుకు మిణుకుమనే హెచ్చరిక దీపాలు ఎగువన వున్న బండికి వుంటే చాలు. పని జరిగేచోట వెలుతురు కావలసివస్తే, దాన్ని నేలవైపుకు దించి వేయాలి.

యిక కొన్ని ప్రత్యేకమైన గండాలు వున్నాయి. బండి కరెంటు స్తంభాన్ని గుద్దుకొని తీగ తెగిపడితే, మనిషి గాని, బండి గాని 10 మీటర్ల లోపలికి పోకూడదు. తీగ మీదుగా బండి తోలకూడదు. 1912కు ఫోను చేసి కరెంటు నిలిపివేశారని తెలిసిన తరువాతనే దగ్గరకు పోవాలి. పెట్రోలు ట్యాంకరో, గ్యాసు ట్యాంకరో పడితే, గాలి ఎటునుంచి వీస్తున్నదో చూడండి. బండ్లన్నీ గాలి వచ్చే వైపే, 100 మీటర్లకు తక్కువ కాకుండా నిలవాలి. పల్లంలో, మోరీ పక్కన నిలవకూడదు, కారిన పెట్రోలు అక్కడికే పారుతుంది. బీడీ, అగ్గిపుల్ల, ఫోను అన్నీ దూరంగా వుంచాలి. కారిన పెట్రోలును డబ్బాలలో పట్టుకుందామని పోయి కాలిపోయినవారి కథలు మీరు పత్రికలలో చదివే వుంటారు. గ్యాసు ట్యాంకరుకు మంట అంటుకుంటే కిలోమీటరున్నర దాకా ఖాళీ చేయవలసిందే.

మన భాగంలో మరొక గండం బాయి. 2018 మార్చి 25న మన జిల్లాలోనే, మెండోరా దగ్గర, జనంతో పోతున్న ఆటో సడకు పక్క వ్యవసాయ బాయిలో పడింది. పదిమందికి తక్కువ కాకుండా ప్రాణాలు పోయినాయి. యిటువంటి చోట జనం బాయి వొడ్డుకు ఎగబడతారు, క్రేనును వొడ్డు దాకా తెమ్మంటారు. కట్టుడు లేని బాయి వొడ్డు బరువుకు విరిగి పడుతుంది. బాయి ఎంత లోతో, కనీసం అంత దూరంలో బరువైన బండిని నిలపాలి. తాళ్ళు, నిచ్చెనలు మోసుకొని పోయేవారు తప్ప మిగిలినవారు వొడ్డుకు పోరాదు. సడకు అంచున బాయి వున్న రైతులు దానికి గోడ గాని, కంచె గాని వేయించుకుంటే అసలు యీ అగత్యమే రాదు.

యిదంతా ప్రమాదం జరిగిన తరువాతి సంగతి. అంతకన్న ముందు మనవల్ల జరగవలసినవి రెండు మూడు వున్నాయి. వాటిని చెప్పకుండా ముగిస్తే న్యాయం కాదు.

మొదటిది కల్లాలు. మక్కలు, వడ్లు, పసుపు కొమ్ములు సడకు మీద ఆరబోస్తాము. వాటి చుట్టూ రాళ్ళు పేరుస్తాము. రాత్రిపూట నల్లని పరదా కప్పుతాము. సగం సడకు కల్లమైపోతే, అంబులెన్సు నిలవవలసిన అంచు ఏది? మోటారు సైకిలు మీద వచ్చేవానికి ఆ నల్లని పరదా, ఆ రాయి ఎట్లా కనబడతాయి? కల్లం దొరకకపోవడం రైతు కష్టమే, కాదనలేము. పంచాయతీలోనో, మార్కెట్ యార్డులోనో కల్లాలు కావాలని గట్టిగా అడగండి. అంతదాకా, సడకు మీద మాత్రం రాయి పెట్టకండి. చెడిపోయిన లారీ చుట్టూ పెట్టిన రాళ్ళను కూడా, లారీ కదిలిన తరువాత ఎవరో ఒకరు తీసివేయాలి. లారీ పోతుంది, రాయి వుంటుంది.

రెండవది ట్రాలీ వెనుక గుర్తు. మన జిల్లాలో పెద్దలకు జ్ఞాపకం వుంటుంది. బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచే రోజులలో చెరుకు బండ్లు రాత్రంతా సడకు మీద వరుస కట్టేవి. బుద్ధిగల బండివాడు బండి కింద కందిలి కట్టుకొని పోయేవాడు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఎడ్లబండ్ల చోట ట్రాక్టరు ట్రాలీలు వచ్చినాయి. కందిలి పోయింది గాని, దాని చోట ఎర్రదీపం రాలేదు. వెలుతురు పడితే మెరిసే ఎర్ర పట్టీ ట్రాలీ వెనుక రెండు మూలలా అంటించడానికి పెద్ద ఖర్చు కాదు. గడ్డి, మక్క చొప్ప వేసినప్పుడు ఆ పట్టీ కప్పబడకుండా చూడాలి. మెరిసే ముక్కోణపు గుర్తు ఒకటి ట్రాక్టరు పెట్టెలో వుంచుకోవాలి.

మూడవది దారి యివ్వడం. వెనుక అంబులెన్సు కూత వినబడితే ఎడమకు జరిగి నెమ్మదించండి. దారి యివ్వనివారికి 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ వేయవచ్చునని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతున్నది.

సాయం చేస్తే పోలీసు స్టేషను చుట్టూ తిరగవలసి వస్తుందేమోనని కొందరు వెనుకాడతారు. ఆ భయం అక్కరలేదు. 2016 మార్చిలో సుప్రీంకోర్టు, 2019లో చట్ట సవరణ, సాయం చేసినవారికి రక్షణ కల్పించినాయి. మంచి మనసుతో సాయపడినవారి మీద కేసు పెట్టరాదు, పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. గాయం తగిలిన మొదటి గంటలో వైద్యం అందితే బతికే అవకాశం ఎక్కువ. ఆ గంటలో మొదటి పావు మీ చేతిలోనే వున్నది.

ఆఖరుగా ఒక సలహా. సడకు పక్క ప్రతి ఊరిలో, క్రాస్ రోడ్డు దగ్గర వున్న హోటలులోనో, పంచాయతీ ఆఫీసులోనో ఒక చిన్న పెట్టె వుంచండి. అందులో రెండు బ్యాటరీ లైట్లు, రెండు ఎర్ర గుడ్డలు, రెండు మెరిసే చొక్కాలు, ఒక ముక్కోణపు గుర్తు, కొంత శుభ్రమైన గుడ్డ వుంటే చాలు. చప్పుడు వినబడితే ఎగువకు పరుగెత్తేది ఎవరు, ఫోను చేసేది ఎవరు, జనాన్ని చేనులోకి జరిపేది ఎవరు అని పదిమంది యువకులు ముందే అనుకొని వుండాలి. యేడాదికి ఒకసారి, కోతలు మొదలు కాకముందు, పగటిపూట సడకు పక్కన నిలబడి 200 అంగలు కొలిచి చూచుకోవాలి. అప్పుడు ఆ దూరం ఎంతో కంటికి అలవాటు అవుతుంది. పాలు పొంగిన తరువాత గరిటె కోసం వెతికితే లాభం లేదు గదా!

మరొక్కసారి చెబుతాను, గుర్తుంచుకోండి. మనిషి ఎగువన 200 అంగలు. కాపు బండి ఎగువన, 30 అంగల ఖాళీ విడిచి. అంబులెన్సు దిగువన, ముఖం దవాఖాన వైపు. ట్రాక్టరు సడకు దిగి. జనం చేనులో. రాయి ఎక్కడా వద్దు.